మీ ఇంటికొచ్చే తీగ ఎవరిది?

ఇంటి కప్పు మీద సోలార్ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచీ, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చినవే. నేనూ ఇరవై ఏళ్ల పైనుంచి ఇక్కడే, మెట్రిక్ బులివార్డ్ దగ్గర ఉంటున్నాను కాబట్టి ఈ నెలంతా మన ఊరి సంగతులే రాస్తాను. కొత్త పాఠకుల కోసం ఒక్క ముక్క. నేను ఒకప్పుడు ఇబ్రహీంపట్నంలో విద్యుత్ బోర్డు ఏఈని. 2015 నుంచి మా ఇంటి కప్పు మీద 5 కిలోవాట్ల ప్యానెల్స్ ఉన్నాయి. అమ్మేవాళ్లెవరితోనూ నాకు లావాదేవీలు లేవు. కిలోవాట్ అవర్‌ని పాత అలవాటు కొద్దీ యూనిట్ అనే రాస్తాను.

ప్రశ్న: అక్కా, మాది ఆస్టిన్ ఎనర్జీ, అంటే సిటీవాళ్ల కరెంటు కనెక్షన్. కిందటేడు 7 కిలోవాట్ల ప్యానెల్స్ పెట్టించాం. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడు "డిష్‌వాషర్, వాషింగ్ మెషీన్, కారు చార్జింగ్ అన్నీ మిట్టమధ్యాహ్నం పెట్టుకో, గ్రిడ్‌కి పంపితే దండగ" అన్నాడు. ఆర్నెల్లుగా ఆఫీసు మీటింగుల మధ్య లేచి వెళ్లి డిష్‌వాషర్ వేస్తున్నాను. బిల్లులో తేడా లేదు. ప్యానెల్స్‌లో లోపమా? (నార్త్ ఆస్టిన్ పాఠకురాలు)

లోపమేమీ లేదమ్మా. మీ తమ్ముడు చెప్పింది వాళ్ల ఊరికి నిజమే. అక్కడి పెద్ద ప్రైవేటు కంపెనీల కింద 2023 ఏప్రిల్ తర్వాత సోలార్‌కి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకి గ్రిడ్‌కి పంపిన యూనిట్‌కి వచ్చేది చాలా తక్కువ, కొనే యూనిట్ ఖరీదు చాలా ఎక్కువ. అందుకని పగలు పుట్టింది పగలే వాడేసుకోవాలి. మన ఊరి లెక్క అది కాదు.

ఒకసారి ఇంటి పక్క గోడ దగ్గరికి వెళ్లి చూడండి. రెండు మీటర్లుంటాయి. ఒకటి అందరికీ ఉండేదే. రెండోది సోలార్ మీటరు. ప్యానెల్స్ నుంచి దిగిన తీగ ఇంట్లో అడుగుపెట్టకముందే ఈ రెండో మీటరు గుండా వెళ్తుంది. పుట్టిన ప్రతి యూనిట్‌నీ అది రాసుకుంటుంది. ఆ యూనిట్‌ని మీ డిష్‌వాషర్ వాడిందా, పక్కింటివాళ్ల ఏసీ వాడిందా అన్నది దానికి అక్కర్లేదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కొందరు గేదె పాలన్నీ పాలకేంద్రానికి పోసేసి, ఇంటికి కావలసిన పాలు ప్యాకెట్లు కొనుక్కునేవాళ్లు. పోసిన పాలకి ఒక రేటు, కొన్న ప్యాకెట్‌కి ఇంకో రేటు. ఆస్టిన్ పద్ధతి అచ్చంగా అదే. మీ ఇల్లు మొత్తం ఎంత వాడిందో అంతకీ, కప్పు మీద ప్యానెల్స్ లేవన్నట్టే, బిల్లు వేస్తారు. ఆ తర్వాత ప్యానెల్స్ పుట్టించిన మొత్తానికి వేరే రేటున డబ్బు తగ్గిస్తారు. దీనికి 'వాల్యూ ఆఫ్ సోలార్' అని పేరు. అమెరికాలో ఈ పద్ధతి మొదట పెట్టింది మన ఊరే, 2012 అక్టోబరులో. అప్పుడు యూనిట్‌కి 12.8 సెంట్లు. మధ్యలో తగ్గుతూ పెరుగుతూ వచ్చి, 2023లో లెక్క మార్చాక 9.91 సెంట్లయింది.

నా జులై బిల్లే ఒకటి తీసి చూపిస్తాను. ఇల్లు వాడింది 1,640 యూనిట్లు. ప్యానెల్స్ ఇచ్చింది 690. ఆ 690కి 68 డాలర్ల 38 సెంట్లు తగ్గించారు. ఆ నెలంతా నేను పగలు ఒక్క బల్బు వేయకపోయినా ఆ 68 డాలర్లు మారవు, వాషింగ్ మెషీన్ పొద్దస్తమానం తిప్పినా మారవు. కాబట్టి మీటింగులు ప్రశాంతంగా చేసుకోండి. డిష్‌వాషర్ రాత్రి పడుకునే ముందు వేసుకోండి.

ఇందులో చాలామంది చూడని మెలిక ఇంకొకటుంది. ఇక్కడ వాడకానికి శ్లాబులున్నాయి, ఇండియాలో లాగే. ఎక్కువ వాడితే పై యూనిట్లకి రేటు పెరుగుతుంది. నెట్ మీటరున్న చోట, అంటే పుట్టిన యూనిట్లని వాడకంలోంచి తీసేసి మిగిలినదానికే బిల్లు వేసే చోట, సోలార్ పెడితే ఆ పై శ్లాబు యూనిట్లే ముందు పోతాయి. మనకి పోవు. వాడకం వాడకంగానే ఉంటుంది కదా! అందుకని ఆగస్టులో 2,500 యూనిట్లు లాగే ఇల్లయితే, ప్యానెల్ ఇచ్చే యూనిట్ కంటే మీరు ఆదా చేసే యూనిట్‌కే విలువెక్కువ. ప్యానెల్స్ ఎలాగూ పెట్టేశారు, ఇక అటక చూడండి. మా అటకలో ఏసీ డక్టు ఒకచోట ఊడిపోయి, ఎన్నేళ్ల నుంచో చల్లగాలి ఎలకలకి పోస్తోంది. బిగించడానికి మావారికి పట్టింది ఒక పూట, ఖర్చు ఒక టేపు చుట్ట.

ప్రశ్న: మేడం, ఇంటికొచ్చిన ఒకబ్బాయి "ఇది ఆస్టిన్ ప్రోగ్రాం, సోలార్ ఫ్రీ, 30 శాతం గవర్నమెంటే ఇస్తుంది, ఈ రోజే చివరి రోజు" అని ట్యాబ్‌లో సంతకం పెట్టించుకున్నాడు. నిన్న సాయంత్రం. మావారు ఊళ్లో లేరు. టెన్షన్‌గా ఉంది. (సెడార్ పార్క్ నుంచి)

మీకు ముందే ఈమెయిల్లో రాశాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. ఇంటి గుమ్మంలో చేసుకున్న ఇలాంటి ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు కేంద్ర నిబంధనల్లోనే ఉంది. రద్దు ఫారం వాళ్లే ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరే ఒక ఉత్తరం రాసి, తేదీ వేసి, రసీదు వచ్చేలా పోస్టు చేయండి. ఫోన్‌లో "సరే మేడం, క్యాన్సిల్ చేసేశాం" అన్న మాట లెక్కలోకి రాదు.

ఇక అతను చెప్పిన మూడు ముక్కలూ చూద్దాం.

ఆస్టిన్ ప్రోగ్రాం అన్నాడు. మీది సెడార్ పార్క్. మీ బిల్లు మీద పేరు చూడండి, పెడర్నాలెస్ అని ఉంటుంది. అది సహకార సంఘం. తర్వాత అమెరికా అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ ఇంకా కుర్ర కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు, 1938లో, పల్లెలకి కరెంటు కోసం పట్టుబట్టి పెట్టించిన సంఘం. ఆస్టిన్ ఎనర్జీ ఆస్టిన్ మున్సిపాలిటీది. దానికి షేర్‌హోల్డర్లు లేరు, రేటు ఖరారు చేసేది సిటీ కౌన్సిల్. దాని వాల్యూ ఆఫ్ సోలార్ మీకు వర్తించదు, దాని రిబేటూ రాదు. ఇంకొంచెం తూర్పుకెళ్లి రౌండ్ రాక్‌లో అడిగితే చాలామందికి తీగ ఒక కంపెనీది, కరెంటు అమ్మేది వాళ్లు ఎంచుకున్న మరో కంపెనీ. ఇరవై నిమిషాల డ్రైవ్‌లో మూడు రకాల రాజ్యాలు! మన తెలుగువాళ్లం పాట్‌లక్‌లో పప్పు వడ్డించుకుంటూ "మీకెంతొస్తోంది, మాకింతొస్తోంది" అని పోల్చుకుంటాం. ఒకే కిరాణా కొట్టుకి వెళ్తాం గానీ ఒకే కరెంటాఫీసుకి వెళ్లం. ప్యానెల్ ఏ కంపెనీది, ఎన్ని వాట్లది అని అడగబోయే ముందు మీ ఇంటికొచ్చే తీగ ఎవరిదో బిల్లు తీసి చూసుకోండి.

30 శాతం అన్నాడు. ఇంటివాళ్లు సొంతంగా కొనుక్కుంటే వచ్చే ఆ కేంద్ర ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో అయిపోయింది. 2025 జులైలో సంతకమైన చట్టం దాన్ని ఆపేసింది. ప్యానెల్స్ తమ పేరునే ఉంచుకుని లీజుకిచ్చే కంపెనీలకి మాత్రం వాళ్ల తరహా క్రెడిట్ ఇంకా కొంతకాలం ఉంది. అందుకే ఇప్పుడు గుమ్మం తట్టేవాళ్లంతా లీజు పాటే పాడుతున్నారు.

ఫ్రీ అన్నాడు. లీజు ఒప్పందాలు సాధారణంగా 20, 25 ఏళ్లవి. నెలసరి కట్టేది ఏటా ఇంత శాతం పెరుగుతుందని లోపలి పేజీల్లో ఉంటుంది. ఇల్లు అమ్మాలంటే కొనేవాళ్లు ఆ లీజుని నెత్తికెత్తుకోవాలి, లేదా మీరు తీర్చేయాలి. ఆ పెంపుని 'ఎస్కలేటర్' అంటారు, ఏ పేజీలోనైనా ఆ మాట కనిపిస్తే అక్కడ ఆగి, 20వ ఏడు ఎంత కట్టాలో కాలిక్యులేటర్ మీద వేసి చూడండి.

25 ఏళ్ల వారంటీ అని కూడా అన్నాడట. ప్యానెల్స్‌కి ఉంటుంది, నిజమే. కానీ ప్యానెల్స్ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె, మా ఇన్వర్టర్, ఎనిమిదో ఏట చచ్చిపోయింది. నాకు తెలిసింది ఆరు వారాల తర్వాత, బిల్లులో సోలార్ గడి సున్నా చూశాక. బిగించిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నెంబరే లేదు, బోర్డు తిప్పేశారు. తయారుచేసినవాళ్లు కొత్తది పంపారు గానీ కప్పు ఎక్కి మార్చేవాడి కూలి నాదే. విద్యుత్ బోర్డులో పనిచేసిన దాన్నయ్యుండి ఆరు వారాలు మీటరు వంక చూడలేదని మావారు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

ప్రశ్న: ఇప్పుడు ట్యాక్స్ క్రెడిట్ లేదు కదా, ఆస్టిన్‌లో పెట్టుకుంటే గిట్టుతుందా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో అయితే, తొందరగా గిట్టదు.

అంకెల్లో అయితే ఇలా. ఇక్కడి ఎండకి నీడ పడని దక్షిణపు కప్పు మీద ఒక కిలోవాట్ ఏడాదికి 1,450 యూనిట్ల దాకా ఇస్తుంది. 8 కిలోవాట్లకి 11,600. 9.91 సెంట్ల చొప్పున ఏడాదికి 1,150 డాలర్లు. వాట్‌కి 3 డాలర్లు చొప్పున ఖర్చు 24,000 అనుకుందాం. ఆస్టిన్ ఎనర్జీ రిబేటు 2,500 పోను 21,500. దాదాపు 19 ఏళ్లు. పాత 30 శాతం ఉండగా ఇదే లెక్క 13 ఏళ్లకి తేలేది. మధ్యలో ఒక ఇన్వర్టర్ మార్చాలి, అది ఇందులో వేయలేదు. రిబేటు కోసం ముందుగా వాళ్ల సోలార్ పాఠం ఒకటి ఆన్‌లైన్‌లో పూర్తిచేయాలి, వాళ్ల జాబితాలో ఉన్న కాంట్రాక్టరే బిగించాలి. సంతకానికి ముందు ఆ నెల నిబంధనలు, ఆ నెల రేటు చూసుకోండి.

టెక్సస్‌లో ఒక మంచి సంగతి ఉంది. ప్యానెల్స్ వల్ల ఇంటి విలువ పెరిగితే, పెరిగిన మేరకి ప్రాపర్టీ ట్యాక్స్ ఉండదు. దానంతటది రాదు. 50-123 నెంబరు ఫారం నింపి కౌంటీ అప్రైజల్ ఆఫీసుకి ఇవ్వాలి. నేను రెండేళ్లు ఆలస్యంగా ఇచ్చాను.

ప్రశ్న: 2021 మంచు తుఫానులో మా ఎదురింటివాళ్లకి ప్యానెల్స్ ఉండి కూడా చీకట్లోనే ఉన్నారు. మరెందుకవి? బ్యాటరీ తీసుకుంటే చాలా?

ఎదురింటివాళ్ల సంగతేమో గానీ మేమూ అలాగే ఉన్నాం. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున పోయిన కరెంటు మాకు 18న వచ్చింది. మంచు ఆగి ఎండ కాశాక మా మనవడు రెండు స్వెటర్లు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి, "నానమ్మా, ఎండొచ్చింది కదా, మన కరెంటు మనకి రాదేం?" అన్నాడు. నలభై ఏళ్ల కిందట నేను లైన్‌మెన్‌లకి పాఠం చెప్పిన విషయం, ఏడేళ్ల పిల్లాడికి చెప్పడానికి తడుముకున్నాను.

మా రోజుల్లో ఎల్‌సీ తీసుకోకుండా ఎవరూ స్తంభం ఎక్కకూడదు. లైన్ క్లియర్ అన్నమాట, అంటే ఆ లైన్ చచ్చిందని సబ్‌స్టేషన్ రాతపూర్వకంగా చెప్పాలి. అయినా ప్రమాదాలు జరిగేవి. ఎవరింట్లోనో జనరేటర్ ఆన్ చేస్తే, ఆ కరెంటు వెనక్కి లైన్‌లోకి ఎక్కేది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరగేసి వేల వోల్టులు చేసేది. పైన ఉన్నవాడు లైన్ చచ్చిందనే అనుకుంటాడు. ఇప్పుడు ఊళ్లో పదివేల కప్పులు పదివేల జనరేటర్లు. అందుకే గ్రిడ్ పోయిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలని నియమం. ప్యానెల్స్ పాడవ్వలేదు, లైన్‌మన్ ప్రాణం కోసం ఆగాయి. మనవడికి అలాగే చెప్పాను. "అయితే సరేలే" అని దుప్పట్లో దూరాడు.

బ్యాటరీ ఉంటే, గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసే స్విచ్ కూడా దానితో వస్తుంది కాబట్టి, ఇల్లు విడిగా నడుస్తుంది. కానీ ఎంతసేపు? ఎక్కువగా అమ్ముడుపోయే రకం 13.5 యూనిట్లు పడుతుంది. సెంట్రల్ ఏసీ గంటకి మూడు, మూడున్నర యూనిట్లు లాగితే నాలుగు గంటల్లో ఖాళీ. ఫ్రిజ్, నాలుగు లైట్లు, వైఫై మాత్రమే అయితే రోజున్నర పైనే లాక్కొస్తుంది, పగలు ప్యానెల్స్ మళ్లీ నింపుతాయి. చలికాలంలో మీది గ్యాస్ ఫర్నేస్ అయితే ఫ్యాన్ తిరిగేంత కరెంటు చాలు, అదృష్టవంతులు. కరెంటు హీటింగ్ అయితే బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆస్టిన్ లెక్కలో బ్యాటరీ బిల్లుని తగ్గించదు. పుట్టిన యూనిట్‌కి ఎలాగూ డబ్బు వచ్చేస్తోంది, దాచుకుని రాత్రి వాడితే అదనంగా ఒరిగేదేమీ లేదు. చీకటికి భయపడి కొనుక్కోండి, తప్పులేదు. 2023 ఫిబ్రవరిలో ఐసు బరువుకి చెట్లు విరిగి లైన్ల మీద పడ్డప్పుడు నాకూ కొనాలనిపించింది. ధర విని ఒక పొడుగాటి టార్చిలైటు కొనుక్కున్నాను.

ప్రశ్న: ఇంటి ముందు వైపే దక్షిణం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) వాళ్లు ప్యానెల్స్ వెనకవైపే పెట్టాలంటున్నారు. మా మామగారేమో బ్యాటరీ ఈశాన్యంలో బరువవుతుందంటున్నారు. నలిగిపోతున్నాను. (లీగల్ గానూ, వాస్తు గానూ చెప్పగలరు)

రెండోదే ముందు. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి. సూర్యుడు ఈ అక్షాంశంలో దక్షిణాన్నే నడుస్తాడు, మధ్యాహ్నం నైరుతికి వాలతాడు. ప్యానెల్స్ కోరేదీ ఆ మూలే. మీ మామగారూ ఇన్వర్టర్ కంపెనీవాడూ ఒకే మాట మీద ఉన్నారు. బ్యాటరీని గ్యారేజీలో నైరుతి గోడకి పెట్టించి ఆయన చేతే కొబ్బరికాయ కొట్టించండి.

హెచ్‌ఓఏ సంగతి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 202.010 సెక్షన్ ప్రకారం హెచ్‌ఓఏ సోలార్‌ని నిషేధించలేదు. కప్పు మీద ఫలానా చోట పెట్టమని చెప్పగలదు. కానీ మీరు కోరే చోట ఏడాది ఉత్పత్తి వాళ్లు చూపించిన చోటి కంటే 10 శాతానికి మించి ఎక్కువైతే మీ మాటే చెల్లుతుంది. ఆ లెక్క 2025 చివరిదాకా ఎన్‌ఆర్‌ఈఎల్ అన్న పేరుతో ఉన్న జాతీయ ప్రయోగశాల అందరికీ ఉచితంగా ఇచ్చే సాధనంతో వేయాలని చట్టంలోనే ఉంది. పీవీ వాట్స్ అని వెతకండి. ఉత్తరపు వాలుకి ఒకసారి, దక్షిణానికి ఒకసారి అంకెలు వేసి, రెండు కాగితాలూ ప్రింటు తీసి, సెక్షన్ నెంబరు రాసి ఇవ్వండి. ఉత్తరానికీ దక్షిణానికీ తేడా పదికి బాగా మించే ఉంటుంది. ఇల్లు కొత్త కాలనీలో ఉండి బిల్డర్ చేతిలోనే ఇంకా పెత్తనం ఉంటే మాత్రం ఈ రక్షణ పూర్తిగా వర్తించకపోవచ్చు, అది ముందు కనుక్కోండి.

ప్రశ్న: వడగళ్లు?

ప్యానెల్ అద్దం అనుకున్నదానికంటే గట్టిది. 2023 సెప్టెంబరులో రౌండ్ రాక్ వైపు పడ్డ లాంటి వడగళ్లకి మాత్రం ఏదీ గ్యారంటీ కాదు. అసలు ఖర్చు ప్యానెల్ కింద ఉంటుంది. షింగిల్స్ (కప్పు మీది పలకలు) పాడైతే కప్పు మార్చాలి, కప్పు మార్చాలంటే ప్యానెల్స్ దించి మళ్లీ ఎక్కించాలి, దానికి వేలల్లో అవుతుంది. కప్పుకి పదిహేనేళ్లు దాటితే ముందు కప్పు, తర్వాతే సోలార్. ఇన్సూరెన్స్ ఏజెంటుకి ప్యానెల్స్ సంగతి చెప్పి, దించి ఎక్కించే ఖర్చు కూడా పాలసీలో ఉందని రాతలో తీసుకోండి.

ప్రశ్న: ప్యానెల్స్ నెలనెలా కడగాలా?

అక్కర్లేదు. మార్చిలో ఓక్ పుప్పొడికి పచ్చగా అవుతాయి, ఏప్రిల్ వానకి పోతుంది. నిచ్చెన ఎక్కకండి.

ప్రశ్న: అక్కా, విజయవాడలో మా అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నేనిక్కణ్నుంచి డబ్బు పంపి 5 కిలోవాట్లు పెట్టిద్దామనుకుంటున్నాను.

ఇద్దరికి 5 ఎందుకమ్మా? నెలకి 200 యూనిట్లు వాడతారేమో. అక్కడ ఒక కిలోవాట్ రోజుకి 4 యూనిట్లిస్తుంది, 2 కిలోవాట్లకి నెలకి 240. చాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్లకి 60,000 రూపాయలు, మూడింటికి 78,000 సబ్సిడీ. మూడు దాటితే ఎంత పెట్టినా ఆ 78,000 దగ్గరే ఆగుతుంది. అక్కడ నెట్ మీటరు, అంటే గేదె పాలు ఇంట్లోవాళ్లు తాగగా మిగిలినవే పాలకేంద్రానికి, పోసిన పాలు కొన్న ప్యాకెట్ల లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి మోటారు పగటిపూటే వేసుకోవాలన్న చింత అక్కడా అక్కర్లేదు. కరెంటు పోతే అక్కడా ఆగిపోతుందని నాన్నగారికి ముందే చెప్పండి, లేకపోతే మొదటి కోతకే మీకు అర్ధరాత్రి ఫోనొస్తుంది.

వాటర్ ట్యాంకు నీడ ప్యానెల్ మీద పడకుండా చూడమనండి. చలికాలం మధ్యాహ్నం నాలుగింటి నీడ ఎంత పొడుగో బిగించేవాడు జూన్‌లో వచ్చి చూస్తే తెలీదు. ఫ్రేము మనిషి ఎత్తున కట్టించి, మేడ మీద తూర్పు వైపు ఒక మంచం పట్టేంత జాగా అమ్మగారి వడియాలకి వదిలేయమనండి. మా అత్తగారికి వదల్లేదు. ఆవిడ వడియాల బట్ట తీసుకెళ్లి ప్యానెల్స్ మీదే పరిచారు.